అయ్యావళి ఐదువందలు: మధ్యయుగ వర్తక సంఘాల పేర్లను ఎలా చదవాలి

సుమత్రా దీవి పడమటి ఒడ్డున బారుస్ అనే రేవు ఉంది. ఒకప్పుడు ప్రపంచమంతటికీ మేలురకం కర్పూరం అక్కడి నుంచే వెళ్లేది. దాని పక్కనే ఉన్న లోబు తువాలో ఒక రాతి స్తంభం ముక్క దొరికింది. దాని మీద తమిళ శాసనం, శక సంవత్సరం 1010, అంటే క్రీ.శ. 1088. రేవుకు వచ్చిన ఓడ నాయకుడు కస్తూరి ధరను బట్టి లెక్కకట్టిన రుసుమును బంగారంలో చెల్లించాలి, ఆ తర్వాతే పరిచిన వస్త్రం మీద అడుగుపెట్టాలి అని అందులో ఒక కట్టుబాటు రాసి ఉంది. ఆ కట్టుబాటు పెట్టింది రాజు కాదు. "తిశై ఆయిరత్తు ఐన్నూఱ్ఱువర్", అంటే వేయి దిక్కుల ఐదువందలమంది.

ఎవరీ ఐదువందలమంది? నిజంగా తల లెక్కపెడితే ఐదువందలేనా? సముద్రం దాటి అంత దూరం వెళ్లి, సొంత రాజ్యం కాని చోట రాయి పాతి రుసుము వసూలు చేసే ధైర్యం వాళ్లకు ఎక్కడిది?

దక్షిణ భారతదేశంలో సుమారు 9వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా పెద్ద వ్యాపారం నడిపిన సంఘాల పేర్లన్నీ ఇలాంటి చిక్కుముడులే. ఐదువందలు, మణిగ్రామం, అంజువణ్ణం, నకరం, పెక్కండ్రు, వీరబలంజ సమయం. ఈ పేర్లను ఇప్పటి అర్థాలతో చదివితే ప్రతి ఒక్కటీ తప్పుదారి పట్టిస్తుంది. మణిగ్రామం రత్నాల ఊరు కాదు, అంజువణ్ణం ఐదు రంగులు కాదు, సమయం అంటే టైమ్ కాదు. పాత అర్థంతో చదివామా, ఈ సంఘాలు తమను తాము ఏమనుకున్నాయో ఆ పేర్లే చెప్పేస్తాయి.

ఊరి పేరు, ఒక అంకె

ఐదువందలతోనే మొదలుపెడదాం, చిక్కు ఎక్కువగా ఉన్నది అక్కడే. కన్నడ శాసనాలు ఈ సంఘాన్ని "అయ్యావొళె ఐనూర్వరు" అంటాయి. తెలుగులో మనం అయ్యావళి సంఘం అంటాం. అయ్యావొళె అంటే కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలో, మలప్రభ ఒడ్డున ఉన్న ఇప్పటి ఐహొళె. చాళుక్యుల గుళ్లు చూడటానికి టూరిస్టులు బస్సుల్లో వెళ్లే ఊరే.

ఆ ఊరి పేరుకు ఒక కథ చెబుతారు. పరశురాముడు రక్తం అంటిన గొడ్డలిని ఏట్లో కడిగాడట. నీళ్లు ఎర్రబడటం చూసిన ఒకావిడ "అయ్యో హొళె" అని కేక పెట్టిందట. హొళె అంటే కన్నడంలో ఏరు. కథ వినడానికి బాగుంటుంది కానీ శాసనాల్లో ఉన్న రూపాలు వేరే దారి చూపిస్తాయి. సంస్కృతంలో ఆ ఊరు ఆర్యపురం. ఆర్య అన్నది ప్రాకృతంలో అయ్య అయింది, పురానికి పాత కన్నడ మాట పొళల్. అయ్యపొళల్ నలిగి అయ్యావొళె, అది ఇంకా నలిగి ఐహొళె. ఇదే పేరు తమిళ దేశానికి వెళ్లేసరికి అయ్యపొళిల్ అయింది. తమిళంలో పొళిల్ అంటే తోట. అంటే కన్నడ ఊరు కాస్తా సరిహద్దు దాటగానే తమిళ తోట అయిపోయింది! పరాయి మాట చెవిన పడితే జనం దాన్ని తమ మాటల్లో దేనికో ఒకదానికి దగ్గరగా జరుపుకుంటారు. ఈ అలవాటు గుర్తుంచుకోండి, ముందు ముందు ఇంకా కనిపిస్తుంది.

ఇక అంకె సంగతి. ఐహొళెలో లాడ్‌ఖాన్ గుడి ఉంది. అక్కడి 8వ శతాబ్దం నాటి శాసనంలో ఐదువందలమంది ప్రస్తావన వస్తుంది. అయితే వాళ్లు వర్తకులు కాదు, చతుర్వేదులు. వేదం చదువుకున్న బ్రాహ్మణ మహాజనుల సభ అది. ఆ కాలంలో కర్ణాటకలోని అగ్రహారాల సభలను అంకెతో పిలవడం మామూలే. ఫలానా ఊరి ఇన్నూరుగురు, ఫలానా ఊరి నన్నూరుగురు అనేవాళ్లు. ఐహొళె సభ ఐనూరుగురిది.

మరి బ్రాహ్మణ సభ పేరు వర్తకులకు ఎలా వచ్చింది? నాకు సబబుగా తోచే వివరణ ఇది. ఐహొళె అప్పటికే పెద్ద ఊరు, గుళ్లతో, పనివాళ్లతో, సంతతో కళకళలాడే ఊరు. ఆ ఊరి వర్తకులు ఊరి సభ నీడన, సభ పరపతితో బయటి ఊళ్లకు వ్యాపారానికి వెళ్లి ఉంటారు. ఎవరు మీరు అని అడిగితే, "అయ్యావొళె ఐనూరుగురి మనుషులం" అని చెప్పి ఉంటారు. ఆ మాట ఉన్నచోట అప్పు పుడుతుంది, సరుకు దొరుకుతుంది, దారిలో సత్రం దొరుకుతుంది. కొన్నాళ్లకు ఐహొళెతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా ఆ పేరు కింద చేరారు. రెండుమూడు వందల ఏళ్లు గడిచేసరికి ఊరిసభ సంగతి జనం మరిచిపోయారు, పేరు మాత్రం సముద్రాలు దాటింది.

అంకె ఆ తర్వాత అలాగే స్థిరంగా ఉండిపోలేదు కూడా. బారుస్ శాసనంలో దాని ముందు "వేయి దిక్కులు" వచ్చి చేరింది. కొన్ని శాసనాల్లో అది పదిహేనువందలుగా చదవడానికి వీలైన రూపంలోకి వెళ్లింది. ఈ సంఘం బిరుదుల వరసలో పద్దెనిమిది పట్టణాలు, ముప్పైరెండు వేళాపురాలు (రేవు పట్టణాలు), అరవైనాలుగు ఘటికాస్థానాలు అని వస్తాయి. ఇవేవీ జనాభా లెక్కలు కావు. మనకు ఇది కొత్తేమీ కాదు. వెలనాటి చోళులు ఏలిన సీమను షట్సహస్రం అన్నారు, రేనాడును ఏడువేలు అన్నారు, నియోగుల్లో ఒక శాఖ ఇప్పటికీ ఆరువేలవారే. వేయిస్తంభాల గుడిలో స్తంభాలు లెక్కపెట్టి వేయి లేవని ఎవరూ గొడవ పెట్టుకోరు కదా.

ఇంకో వివరణ కూడా ఉంది, అది సంఘం సొంత ప్రశస్తిలోంచే, అంటే శాసనం మొదట్లో తమ గురించి తాము చెప్పుకునే పొగడ్తలోంచే వస్తుంది. ఆ ప్రశస్తి ఇలా మొదలవుతుంది: "సమస్త భువన విఖ్యాత పంచశత వీరశాసన లబ్ధానేక గుణగణాలంకృత సత్య శౌచాచార చారుచరిత్ర నయ వినయ విజ్ఞాన..." ఇక్కడ పంచశతం మనుషుల లెక్క కాదు, ఐదువందల వీరశాసనాలు. దీన్ని పట్టుకుని, ఐదువందల శాసనాలు సాధించినవాళ్లు కాబట్టి ఐదువందలవారు అయ్యారని కొందరు అంటారు. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. పేరు అప్పటికే ఉంది. ఎందుకు వచ్చిందో మరిచిపోయాక దానికి ఘనమైన అర్థం ఒకటి కుట్టారు.

అదే ప్రశస్తిలో కాస్త ముందుకు వెళితే "గుడ్డధ్వజ" అన్న మాట వస్తుంది. తెలుగువాడికి చటుక్కున గుడ్డ జెండా అనిపిస్తుంది, ఏ జెండా అయినా గుడ్డదే కదా అని అనుమానం కూడా వస్తుంది. కన్నడంలో గుడ్డ అంటే కొండ. వీళ్లది కొండ గుర్తు ఉన్న జెండా.

ఇసుకతో తాడు పేనేవాళ్లు

అంకె వెనక మనుషులు ఎలాంటివాళ్లో చూడాలంటే కర్ణాటకలోని షికారిపుర తాలూకాలో దొరికిన 1050 నాటి కన్నడ శాసనం చదవాలి. వర్తకులు తమ గురించి తాము రాయించుకున్న మాటల్లో అంత ఉత్సాహం ఉన్నది నేను ఇంకెక్కడా చూడలేదు.

దేశదేశాలు తిరగడానికే పుట్టినవాళ్లం అంటారు. భూమే వాళ్ల సంచి. అష్టదిక్పాలకులు ఆ సంచి మూలలకు వేలాడే కుచ్చులు, నాగజాతి దాని తాళ్లు, తాంబూలపు తిత్తి లోపలి రహస్యపు జేబు. చేర, చోళ, పాండ్య దేశాల నుంచి మగధ, కోసల, నేపాళం, పారసీకం దాకా నేల దారిలో, నీటి దారిలో వెళతామంటారు. తీసుకెళ్లే సరుకు చూడండి: మేలైన ఏనుగులు, జాతి గుర్రాలు, నీలాలు, చంద్రకాంతాలు, ముత్యాలు, కెంపులు, వజ్రాలు, వైడూర్యాలు, పగడాలు, పచ్చలు, ఏలకులు, లవంగాలు, గంధం, కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు.

ఆ వెంటనే వచ్చే ఒక చిన్న ముక్క నాకు ఈ శాసనం మొత్తంలో చాలా విలువైనది. ఈ సరుకంతా కొందరు టోకుగా అమ్ముతారు, కొందరు భుజాన వేసుకుని తిరిగి అమ్ముతారు అని. అంటే ఏనుగులను ఓడ ఎక్కించే మహాసెట్టీ, ఊరూరా మూట మోసే చిల్లర వర్తకుడూ ఒకే పేరు కింద ఉన్నారు. అంత తేడా ఉన్న మనుషులను ఒకచోట కట్టిన పేరు అది.

ఆపైన స్వరం మారుతుంది. ఏనుగులా మీదపడి చంపుతాం, ఆవులా నిలబడి చంపుతాం, పాములా విషంతో చంపుతాం, సింహంలా దూకి చంపుతాం. మట్టికి నిప్పు పెడతాం, ఇసుకతో తాడు పేనుతాం, పిడుగును పట్టి చూపిస్తాం, సూర్యచంద్రులను నేలకు దింపుతాం. వర్తకులకు ఇంత కత్తిసాము ఎందుకు? నెలల తరబడి అడవి దారుల్లో ఎడ్లమీద సరుకు వేసుకుని వెళ్లేవాళ్లకు కాపలా లేకపోతే బతుకు లేదు. అందుకే ఈ సంఘానికి సొంత ఆయుధబలం ఉండేది. వీరులు దారుల్లో, గిడ్డంగుల దగ్గర కాపలా కాసేవారు. అలా కాపాడినవాళ్లను గౌరవిస్తూ కొన్ని ఊళ్లను "వీరపట్టణం", "ఎఱివీరపట్టణం" అని ప్రకటించారు. మదనపల్లె దగ్గరి బాసినికొండ శాసనంలో శిరవల్లి అనే ఊరిని అలాగే ఎఱివీరపట్టణం చేసిన సంగతి ఉంది.

"వీరబలంజ" అన్న పేరులో వీర ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. బలంజ అన్నది సంస్కృత వణిజ్ నుంచి వచ్చిన మాటగా పండితులు చూస్తారు. వణిజుడు, బణంజు, బలంజ, తమిళంలో వళంజియర్, కన్నడంలో బణజిగ, తెలుగులో బలిజ. ఈ చివరి పేర్లు ఇప్పుడు కులాల పేర్లు. మాట వరస ఇలా కలిసినంత మాత్రాన, ఇప్పటి ఒక కుటుంబం నుంచి వెయ్యేళ్ల కిందటి ఓడ వర్తకుడి దాకా గీత గీసేయడం కుదరదు. ఆ రోజుల్లో అది ఒక వృత్తి సమూహానికి పేరు. రకరకాల పుట్టుక ఉన్నవాళ్లు అందులో ఉన్నారు.

ఇక "సమయం". శాసనాల్లో వీరబలంజ సమయం, నానాదేశి సమయం అని వస్తుంటే కాలం గురించి అనుకోకండి. సంస్కృతంలో సమయం అంటే కలిసి రావడం, కలిసి చేసుకున్న ఒప్పందం, కట్టుబాటు. సంఘానికి వాళ్లే పెట్టుకున్న పేరు "ఒప్పందం". మాట మీద నిలబడటం తప్ప ఇంకో చుట్టరికం లేనివాళ్లకు అంతకంటే సరిపోయే పేరు నాకు తోచదు.

ఊరు కాని గ్రామం, ఐదు కాని అంజు

మణిగ్రామం సంగతి తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది. గ్రామం అంటే ఊరు అనే అర్థం మన నోట్లో బాగా నాటుకుపోయింది కానీ, పాత అర్థం కూడా మన భాషలో బతికే ఉంది. ఇంద్రియగ్రామం అంటే ఇంద్రియాల ఊరా? గుణగ్రామం అంటే గుణాల ఊరా? సంగీతంలో స్వరగ్రామం అంటాం. అన్నిచోట్లా గ్రామం అంటే సమూహం. వణిక్ + గ్రామం, అంటే వర్తకుల సమూహం. వణిగ్గ్రామం నోట్లో పడి వణిగ్రామం, మణిగ్రామం అయింది. వకారం మకారంగా మారేసరికి రత్నాలు వచ్చి కూర్చున్నాయి.

ఇది ఊహ మాత్రమే కాదు. పశ్చిమ భారతంలో 592లో విష్ణుషేణుడనే పాలకుడు వర్తకులకు ఇచ్చిన శాసనం ఉంది. అందులో వాళ్ల సమూహానికి వాడిన మాట వణిగ్గ్రామమే. వాళ్లు పాటిస్తూ వచ్చిన 72 ఆచారాలను రాజు అందులో ఒప్పుకున్నాడు. బిడ్డలు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు మనుషులు లాక్కోకూడదు అన్నది వాటిలో మొదటి వరసలో ఉంది. వర్తకుడికి అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏమిటో దాన్నిబట్టే తెలుస్తుంది.

మణిగ్రామం వాళ్లు 9వ శతాబ్దానికే థాయ్‌లాండ్‌లో ఉన్నారు. అక్కడి తకువా పా దగ్గర దొరికిన తమిళ శాసనంలో అవనినారణం అనే చెరువు పేరు ఉంది. ఆ చెరువును కాపాడే బాధ్యత మణిక్కిరామత్తార్‌దీ, సేనాముఖత్తార్‌దీ. అవనినారణుడు అన్నది పల్లవ రాజు మూడో నందివర్మ బిరుదు. పరాయి దేశంలో చెరువు తవ్వించి, దానికి తమ రాజు బిరుదు పెట్టి, కాపలా అప్పగించారంటే అది వచ్చిపోయేవాళ్లు చేసే పని కాదు. అక్కడే కాపురం ఉన్నవాళ్ల పని.

అంజువణ్ణం కథ ఇంకా పొడుగు. తమిళ, మలయాళాల్లో అంజు అంటే ఐదు, వణ్ణం అంటే వర్ణం. ఇక ఐదు వర్ణాల వాళ్లు అని, ఐదు కులాల పనివాళ్లు అని, ఐదు వర్ణాల వాళ్లు ఉండే పేట అని పండితులు చాలాకాలం అర్థాలు చెప్పారు. పైగా సుమారు 1000 నాటి కొచ్చి యూదుల రాగి శాసనంలో భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్‌కు అంజువణ్ణాన్ని, దాంతోపాటు 72 హక్కులను ఇచ్చాడు. దాంతో అది ఒక ఊరి పేరేమో, యూదుల కాలనీ పేరేమో అని కూడా అనుకున్నారు.

ముడి విప్పింది కొంకణ తీరం. అక్కడి 11వ శతాబ్దపు శాసనాల్లో హంజమాన అన్న మాట వస్తుంది. ఇది నేరుగా పారశీకం, హంజమన్, అంటే సభ, కూడిక. తర్వాతి రూపం అంజుమన్. మనకు బాగా తెలిసిన మాటే, ఉర్దూ సంఘాల బోర్డుల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. పడమటి తీరంలో హంజమాన, ఇంకా దక్షిణానికి వెళ్లేసరికి అంజువణ్ణం. ఐహొళెకు తోట అతికినట్టే, దీనికి ఐదూ రంగూ అతికాయి. అరేబియా, పర్షియా వైపు నుంచి వచ్చిన యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, పారశీకులు కలిసి ఏర్పరచుకున్న వర్తక సమూహం అది.

దీని వేరు ఇంకా లోతుగా వెతికితే ఒక ముచ్చటైన సంగతి బయటపడుతుంది. పారశీక హంజమన్ అవెస్తా భాషలోని హంజమన నుంచి వచ్చింది. ఇరానీ భాషల్లో హ ఉన్నచోట సంస్కృతంలో స ఉంటుంది, సింధు హిందు అయినట్టు. ఆ లెక్కన హంజమనకు సంస్కృతంలో తోబుట్టువు సంగమనం, మన సంగమం. ఓడలో అరేబియా సముద్రం దాటి వచ్చిన పరాయి మాట నిజానికి దూరపు చుట్టమే.

ఈ రెండు సంఘాలూ పక్కపక్కన కనిపించే చోటు కొల్లం. 849లో దక్షిణ కేరళలోని వేణాటి పాలకుడు అయ్యన్ అడిగళ్ అక్కడి తరిసాపళ్లి అనే క్రైస్తవ ఆలయానికి రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. ఆ ఆలయం స్థాపించినవాడు మార్ సపీర్ ఈశో. ఆ హక్కులకు భంగం రాకుండా చూసే బాధ్యతను అంజువణ్ణానికీ, మణిగ్రామానికీ అప్పగించాడు. ఆ రేకుల్లో చివర ఉన్న సాక్షి సంతకాలను ఒక్కసారి ఫొటోలో అయినా చూడాలి. కొన్ని అరబ్బీ కూఫీ లిపిలో, కొన్ని పాత పారశీక లిపి పహ్లవీలో, కొన్ని హీబ్రూ అక్షరాల్లో రాసిన పారశీకంలో. ఒక మలయాళ రేవులో, ఒక క్రైస్తవ గుడి కోసం, ముస్లింలూ జొరాస్ట్రియన్లూ (పార్సీల మతం వాళ్లు) యూదులూ తమ తమ అక్షరాల్లో చేవ్రాలు పెట్టారు. కూడిక అన్న పేరుకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

గిల్డ్ అనే పేరు ఎక్కడిది

చరిత్ర పుస్తకాలు చదివి మనం వీటన్నిటినీ "గిల్డ్" అని పిలుస్తున్నాం. ఆ మాటకూ ఒక పుట్టుక ఉంది, అది వేరే. పాత ఇంగ్లిష్‌లో గిల్డ్ అంటే చెల్లింపు. జర్మన్‌లో డబ్బును ఇప్పటికీ గెల్ట్ అంటారు, అదీ ఇదే వేరు. విందుకో, బలికో, ఆపదలో ఉన్నవాళ్లకో తలా కొంత వేసుకున్నవాళ్లు గిల్డ్. మన మాటల్లో చెప్పాలంటే చందా వేసుకున్నవాళ్లు.

779లో చార్లెమేన్ చక్రవర్తి ఇలాంటి గిల్డులు ప్రమాణాలు చేసి కట్టుకట్టడాన్ని నిషేధించాడు. దానధర్మాలకు, అగ్నిప్రమాదాలకు, ఓడ మునిగినప్పుడు ఆదుకోవడానికి ఒప్పందాలు చేసుకోవచ్చు కానీ, ఒకరికొకరు ఒట్టు వేసుకోకూడదు అన్నాడు. రాజుకు భయం చందా గురించి కాదు, ఒట్టు గురించి. ఉత్తర యూరప్‌లో లూబెక్ నగరం ముందుండి నడిపిన వర్తకుల కూటమి హన్సా పేరు మరో రకం. ఆ మాట నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిల్ అనువాదంలో సైనికుల గుంపు అనే అర్థంలో ఉంది. గుంపుగా ప్రయాణించే వర్తకులకు అది తర్వాత అతుక్కుంది.

గిల్డ్ అనే మాట వాడటం తప్పు కాదు కానీ ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో వర్తక గిల్డ్ అంటే సాధారణంగా ఒక్క ఊరిది. రాజు దగ్గర పత్రం పొంది, ఆ ఊళ్లో అమ్మే హక్కు తమ సభ్యులకే ఉండేలా చూసుకునేది. అయ్యావళికి అలాంటి ఒక్క ఊరు లేదు. పేరులో ఊరు ఉన్నా ఆ ఊళ్లో లేదు. ఐహొళెలో కూర్చుని అందరినీ శాసించిన పెద్ద ఆఫీసును ఊహించుకుంటే పొరపాటే. ఎక్కడికక్కడ చేరిన వర్తకులు అదే ప్రశస్తి చదివి, అదే దేవతను, అయ్యపొళిల్ పరమేశ్వరిని తల్లిగా చెప్పుకుని, అదే పేరుతో తీర్మానాలు చేసేవాళ్లు. ఐదువందలు అన్న పేరు ఇక్కడే పనికొచ్చిందని నా నమ్మకం. ఒక సెట్టి పేరు మీద సంఘం నడిస్తే ఆయనతోనే పోతుంది. ఒక రాజు పేరు పెట్టుకుంటే పొరుగు రాజు రానివ్వడు. అంకెకు చావు లేదు, వారసుల తగాదా లేదు. ఒకడు పోయి ఇంకొకడు వచ్చినా ఐదువందలు ఐదువందలే.

మన వైపు పెక్కండ్రు

తెలుగు నేల మీద ఈ పేర్లకు మరికొన్ని వచ్చి కలిశాయి. నకరం అంటే నగరం. ఊరికి పేరైన మాట ఆ ఊరి వర్తకుల సభకు పేరయింది. నూనె వర్తకుల సంఘం పేరు తెలికి వేవురు, మళ్లీ ఒక అంకె. 1086 నాటి టేకి రాగి శాసనంలో వీళ్ల గౌరవాలు రాసి ఉన్నాయి. పెళ్లిలో వధూవరులు వీధుల్లో గుర్రమెక్కి ఊరేగవచ్చు అన్నది వాటిలో ఒకటి. చదవగానే ఇదొక హక్కా అనిపిస్తుంది. ఎవరు ఏ వాహనం ఎక్కాలో కట్టుబాటు ఉన్న రోజుల్లో అది చాలా పెద్ద మాట.

కాకతీయుల కాలపు శాసనాల్లో "ఉభయ నానాదేశి పెక్కండ్రు" అని వస్తుంది. నాకు ఈ పేర్లన్నిటిలో ఇదంటే ఎక్కువ ఇష్టం. ఉభయ అంటే స్వదేశి, పరదేశి ఇద్దరూ: స్వదేశి అంటే ఇక్కడివాళ్లు, పరదేశి అంటే బయటివాళ్లు. నానాదేశి అంటే నాలుగు దేశాలూ తిరిగేవాళ్లు. పెక్కండ్రు అంటే చాలామంది, అంతే. కన్నడిగులూ తమిళులూ ఐదువందలని అంకె చెప్పిన చోట తెలుగు వర్తకులు తమను చాలామందిమి అన్నారు. అంకె నిజంగా లెక్క కోసం కాదనడానికి మన భాష ఇచ్చిన రుజువు ఇది.

విశాఖపట్నంలో కూడా ఐదువందలవారి గుర్తు ఉంది. అక్కడి 1090 నాటి శాసనంలో ఊరికి కులోత్తుంగచోళపట్టణం అనే మరో పేరు కనిపిస్తుంది. అక్కడ "ఐన్నూఱ్ఱువ పెరుంబళ్లి" ఉండేదని, దానికి పన్నుల మినహాయింపు ఇచ్చారని అందులో ఉంది. పళ్లి అంటే హిందువులది కాని ప్రార్థనా స్థలం. దానికి ఐదువందలవారి పేరు ఉంది. బర్మాలోని పగాన్‌లో 13వ శతాబ్దపు విష్ణ్వాలయం పేరు నానాదేశి విణ్ణగర్. అక్కడ మండపం కట్టించినవాడు కేరళ మనిషి. వీళ్లు ఏ దేవుణ్ణి కొలిచారు అంటే, ఎక్కడ ఉంటే అక్కడ, ఎవరి దేవుణ్ణి వాళ్లు.

ఇక మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మార్కో పోలో ముత్ఫిలి అని రాసిన రేవు. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. వెనకటి రాజులు, తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారని అందులో దాచకుండా చెప్పాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రయానానికి తెగించినవాళ్ల మీద దయతో, మేం సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అన్నాడు. ఆ సుంకం ముప్పైయింట ఒక వంతు. తర్వాత రెడ్డిరాజుల్లో అనపోతారెడ్డి కూడా 1358లో అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయం ఇచ్చాడు.

గణపతిదేవుడి శాసనంలో మోటుపల్లికి ఇంకో పేరు ఉంది: దేశ్యుయ్యకొండపట్టణం. పలకడానికి కష్టంగా ఉండే ఈ పేరును ముక్కలు చేస్తే దేశి, ఉయ్యక్కొండ, పట్టణం. మొదటి ముక్క వర్తకులు, నానాదేశిలోని దేశి. రెండోది తమిళం, ఉయ్ అంటే బతకడం, గట్టెక్కడం. దేశులు బతికి బాగుపడే పట్టణం. తెలుగు రేవుకు, తెలుగు రాజు శాసనంలో, తమిళ క్రియ ఉన్న పేరు ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోతాం. మొదట్లో చెప్పిన సుమత్రా శాసనాన్ని మళ్లీ తెరిస్తే జవాబు దొరుకుతుంది. బారుస్ రేవుకు ఆ ఐదువందలవారు పెట్టుకున్న పొడవాటి పేరు చివర ఉన్నదీ ఇదే, దేశి ఉయ్యక్కొండ పట్టినం. ఒకటి 1088లో, ఒకటి 1244లో. సముద్రానికి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి.